అందరికీ చెప్పే మనిషి

త్రినాథరావు గారికి ఒక్క మనిషితో మాట్లాడటం చేతకాదు. చెబితే అందరికీ చెబుతారు, లేదంటే ఎవరికీ చెప్పరు. పటాన్‌చెరు దాటాక లక్డారం దారిలో బస్సులకు బాడీలు కట్టే షెడ్డు ఒకటుంది. అందులో వైరింగ్ సెక్షనుకు ఆయన ఇన్‌చార్జి. సెక్షను మధ్యలో నిలబడి, చూపు పైకప్పు రేకుల మీద పెట్టి, ఎవరి పేరూ ఎత్తకుండా కేకేయడమే ఆయనకు తెలిసిన సంభాషణ.

ఒకసారి చిన్నరాములు ప్యాంటు వెనకాల కుట్లు విడిపోయాయి. చిన్నరాములు ఆయనకు మూరెడు దూరంలోనే వంగి పనిచేస్తున్నాడు. మెల్లగా చెవిలో వేస్తే పోయేదానికి త్రినాథరావు గారు రేకుల వైపు చూసి, "ఎవరిదో ప్యాంటు వెనకాల చిరిగిందండీ, ఎవరిదో వాళ్ళు చూసుకోండి!" అని కేకేశారు. ముప్ఫై మంది చేతులు ఒక్కసారే వెనక్కి పోయాయి. అప్పుడే అటు వచ్చిన మేనేజరు దుర్గాప్రసాద్ గారు కూడా ఎందుకైనా మంచిదని తడుముకున్నారు. ఆ సందడిలో చిన్నరాములు గోడకు వీపు ఆనించి, పీతలా పక్కకి నడుచుకుంటూ బయటపడ్డాడు.

"నాదే చిరిగిందని సారుకు ఎరుకనే," అని ఆ తర్వాత తోటి పనివాడు చంద్రకాంత్ దగ్గర వాపోయాడు. "నా మొకం జూసి చెప్తే ఏం పోతుండే?"

"నీ మొకం జూసి చెప్తే చిరిగింది నీదే అని అందరికి తెలుస్తుండే గదరా," అన్నాడు చంద్రకాంత్. అనేసి, తన మాటలో ఏముందో తానే వినిపించుకోకుండా మళ్ళీ పనిలో పడ్డాడు. మనుషులు చాలాసార్లు అంతే, నోటికి తెలిసింది బుర్రకు చేరడానికి ఏడాది పడుతుంది.

ఈ జబ్బు త్రినాథరావు గారికి బస్సుల నుంచి అంటుకుంది. కోనసీమ నుంచి కుర్రతనంలో వచ్చి హైదరాబాదు పక్క రామచంద్రాపురంలో ప్రభుత్వ కర్మాగారంలో చేరారు. అక్కడ రిటైరయ్యాక ఊరికే ఇంట్లో కూర్చోలేక ఈ షెడ్డుకు వచ్చారు. కొత్తగా చేరినవాళ్ళకు ఆయన చెప్పే మొదటి పాఠం మల్టీప్లెక్స్ వైరింగ్. సినిమా హాలుకూ దీనికీ సంబంధం లేదని ముందే చెప్పి మొదలుపెడతారు.

"పాత లారీలో ప్రతి దీపానికీ స్విచ్చి నుంచి సొంత తీగ పోయేది. డాష్‌బోర్డు విప్పితే లోపల చింతపండు పిసికినట్టుండేది. ఎక్కడ తెగిందో బ్రహ్మక్కూడా తెలీదు. ఇప్పుడు బండి నిండా చిన్న చిన్న పెట్టెలు పెట్టారు. డ్రైవరు ముందొకటి, తలుపు దగ్గరొకటి, వెనక దీపాల దగ్గరొకటి. అన్నిటినీ కలిపేది ఒక్క జంట తీగ. పసుపుదీ ఆకుపచ్చదీ జడలాగా మెలేసి ఉంటాయి. ఇప్పుడు స్విచ్చి నొక్కితే దీపానికి కరెంటు పోదండీ, కబురు పోతుంది. 'ఎడమ సిగ్నలు వెయ్యాలి' అని. ఆ కబురు ఎవరికీ పేరు పెట్టి పోదు. అన్ని పెట్టెలూ వింటాయి. ఎవరి పనైతే వాళ్ళు చేస్తారు. మిగతావాళ్ళు విని ఊరుకుంటారు."

"రెండు పెట్టెలు ఒక్కపారే మాట్లాడితే ఎట్ల సార్?" అని కొత్తవాళ్ళలో ఎవరో ఒకరు అడుగుతారు.

"పెద్ద పని ఉన్నదాని మాట ముందు. బ్రేకు నోరు తెరిస్తే ఫ్యాను నోరు మూసుకుంటుంది. అలగదు. కాస్సేపాగి మళ్ళీ చెబుతుంది. బండికున్న బుద్ధి మనకి లేదండీ!"

ఆ బుద్ధిని మనుషులకు నేర్పాలని ఆయన కంకణం కట్టుకున్నారు. ముందుగా బలైపోయింది ఆయన భార్య కనకమహాలక్ష్మి గారు. విశ్వకర్మ పూజ నాడు పులిహోర గిన్నెతో షెడ్డుకు వచ్చి ఆవిడ తన గోడు వెళ్ళబోసుకున్నారు.

"ఇంట్లో ఉండేది మేమిద్దరం. అయినా హాల్లోంచి, 'ఎవరైనా కాస్త కాఫీ ఇస్తే బాగుండును' అని కేక. ఎవరిస్తారు బాబూ, ఫ్రిజ్జు ఇస్తుందా?"

"మరి మీరేం జేస్తరమ్మా?" అన్నాడు చిన్నరాములు.

"నేనూ వంటింట్లోంచి కేకేస్తాను, 'ఎవరిక్కావాలో వాళ్ళు పెట్టుకోండి' అని."

త్రినాథరావు గారు ఆ మాట తనకు కాదన్నట్టు పులిహోర తింటూ రేకుల వైపు చూశారు.

అందరూ పడిపడి నవ్వారు. చంద్రకాంత్ కూడా నవ్వాడు గానీ, అతని నవ్వు ఎప్పుడూ సగం దూరం వెళ్ళి వెనక్కి తిరిగేది. వాళ్ళది లక్డారం. తాతల నాటి పొలంలో సగం రోడ్డు కింద పోయింది, మిగతా సగం మీద కంకర క్రషర్ల దుమ్ము కూర్చుంది. జొన్న వేస్తే బూడిద రంగు వస్తుందని తండ్రి అనేవాడు. ఆ బూడిద రంగు మాట వినగానే చంద్రకాంత్ చూపు దించుకునేవాడు. ఎందుకంటే అతనికి రంగులు సరిగ్గా తెలియవు. పసుపూ లేత ఆకుపచ్చా ఒకే తల్లి పిల్లల్లా కనిపిస్తాయి. ఎరుపూ గోధుమరంగూ పగలు కూడా కలిసి తిరుగుతాయి. పెళ్ళికి ముందు బస్సు డ్రైవరు ఉద్యోగానికని సంగారెడ్డి వెళ్తే కంటి పరీక్షలోనే ఇంటికి పంపేశారు. ఆ సంగతి భార్య అరుణకు తప్ప ఈ భూమ్మీద ఎవరికీ చెప్పలేదు. ఆమెకు కూడా తనంతట తాను చెప్పలేదు. పెళ్ళిచూపుల్లో ఆమె ఆకుపచ్చ చీర కట్టుకుని కూర్చుంటే, "ఎర్ర చీరల మంచిగున్నవ్" అన్నాడు. అరుణ అప్పుడే కనిపెట్టింది.

అలాంటివాడు వైరింగ్ పనిలోకి ఎలా వచ్చాడని అడగొద్దు. ఆకలికి రంగు పరీక్ష ఉండదు. తీగల చోటు గుర్తుపెట్టుకుని, పక్కవాడి చేతులు చూసి, లాక్కొచ్చాడు. ఎప్పుడూ ఒక భయం మాత్రం భుజం మీద కూర్చుని ఉండేది.

ఆ భయం ఒక రోజు నిజమైంది. ఒక కాలేజీ కోసం కట్టిన బస్సు. కొనేవాళ్ళు వచ్చి నిలబడ్డారు. డ్రైవరు తాళం తిప్పాడు. ఎవరూ వేయకుండానే హెడ్‌లైట్లు వెలిగాయి. పొడి అద్దం మీద వైపర్లు కీచుమంటూ ఊగడం మొదలెట్టాయి. స్విచ్చి ఆపితే ఆగలేదు. తలుపు బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. కాలేజీ వాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు.

"బస్సుకు దయ్యం వట్టిందిరో!" అన్నాడు చిన్నరాములు. ఎవరో నిమ్మకాయల కోసం పరుగెత్తారు.

"దయ్యం కాదండీ, భయం!" అని త్రినాథరావు గారు గొంతెత్తారు. "జంట తీగలో మాట ఆగిపోయింది. మాట వినపడకపోతే ఏ పెట్టెకి ఆ పెట్టె బెదిరిపోతుంది. బయట చీకటో, వానో, ఎవరికి తెలుసని దీపాలు వేసేస్తుంది, వైపర్లు తిప్పేస్తుంది. కీడెంచి మేలెంచడం అంటే అదే!"

ఆయన టార్చి పట్టుకుని బస్సు కిందికి దూరారు. చంద్రకాంత్‌కు గుర్తొచ్చింది. వెనక జాయింటు కట్టింది తనే. అది కట్టిన రోజు పక్కవాడు సెలవు. కాసేపటికి త్రినాథరావు గారు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా చెప్పారు.

"పసుపుది పోవాల్సిన చోట ఆకుపచ్చది పోయిందండీ, ఆకుపచ్చది పోవాల్సిన చోట పసుపుది. తప్పు రంగులది. రంగులు మోసగాళ్ళు. రేపట్నుంచి ఈ సెక్షన్లో రంగు చూసి తీగ కలిపేవాడు నాకు కనపడకూడదు. నంబరు చదవాలి!"

"ముందు ఆ జాయింటు ఎవరు చేశారో చెప్పండి," అన్నారు దుర్గాప్రసాద్ గారు పళ్ళు నూరుతూ.

"సెక్షనండీ."

"సెక్షన్లో ఎవరు?"

"సెక్షను మొత్తమండీ."

మేనేజరు గారు తల పట్టుకున్నారు. ముప్ఫై మందిని ఒకేసారి తిట్టడం ఎవరివల్లా కాదు, సగం దాకా వచ్చేసరికి ఓపిక పోతుంది.

మర్నాటి నుంచి ప్రతి తీగకూ రెండు కొసలా తెల్లటి చిన్న గొట్టాలు తొడగాలి, వాటి మీద నల్లటి అంకెలుండాలి. పని రెట్టింపయింది. అందరూ సణుగుతూనే చేశారు. త్రినాథరావు గారి పిచ్చి ముదిరిందని ఊరంతా అనుకుంది. ఇంట్లో పోపుల డబ్బాలకు కూడా నంబర్లు వేశారనీ, ఆ పూట పాయసంలో ఉప్పు పడిందనీ కనకమహాలక్ష్మి గారు కబురు పంపారు. హోలీ నాడు బీహారు కుర్రాళ్ళు మొహానికి గులాల్ పూస్తే ఆయన, "ఎవరైనా సరే, దీనికో నంబరు వేసి పూయండి!" అన్నారు. చంద్రకాంత్ మాత్రం తన అదృష్టం బాగుందనుకున్నాడు. ఝరాసంగం వెళ్ళి దేవుడికి కొబ్బరికాయ కొట్టి వచ్చాడు. నంబర్లు వచ్చాక అతని చేతిలో ఒక్క జాయింటు తప్పలేదు.

అదృష్టానికి ఆయుష్షు తక్కువ. ఆ వానాకాలం మొత్తం దిగులుగానే గడిచింది. ఆకాశం రోజంతా కమ్ముకునే ఉండేది. వాన పడినప్పుడల్లా ఫ్యాక్టరీల వైపు నుంచి ఘాటైన వాసన నేల బారున పాకివచ్చేది. ఆర్డర్లు తగ్గాయి. పక్క షెడ్డుకు తాళం పడింది, అక్కడ పనిచేసినవాళ్ళు హైవే పక్కన అడ్డా మీద కూలీ కోసం నిలబడుతున్నారు. అలాంటి రోజుల్లో ఒక పెద్ద బస్సుల కంపెనీ ఆర్డరు ఇస్తానంది. దుర్గాప్రసాద్ గారు ఉదయం అందరినీ పిలిచి, సంతోషమో దుఃఖమో తెలియని ముఖంతో చెప్పారు.

"కొత్త కస్టమరు ఒక షరతు పెట్టాడు. వైరింగ్ చేసే ప్రతి ఒక్కరికీ రంగుల పరీక్ష. కంటి ఆస్పత్రి నుంచి మనిషి వస్తుంది. పాసవ్వనివాళ్ళని వైరింగ్‌లో ఉంచలేం. వేరే సెక్షన్లలో ఖాళీల్లేవు. నన్నేమీ అనుకోవద్దు."

దాని అర్థం గేటు బయటికని అందరికీ తెలుసు.  త్రినాథరావు గారు గొంతు సవరించుకుని రేకుల వైపు చూశారు.

"ఈ సెక్షన్లో రంగులు తెలియని మనిషి ఒకరున్నారండీ!"

చంద్రకాంత్ పక్కవాడి భుజం వెనక్కి జరిగాడు.

"ఆ మనిషి బెంగపెట్టుకోనక్కర్లేదు. ఇంటికెళ్ళి అన్నం తిని పడుకోమనండి!"

చెప్పేసి ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు. వెనక ముప్ఫై మంది ఒకరినొకరు దొంగను చూసినట్టు చూసుకున్నారు. చిన్నరాములు టెస్టరు పట్టుకుని బయల్దేరాడు. "ఇది ఏం రంగు? చెప్పు. నువ్వు చెప్పు." చంద్రకాంత్ దగ్గరికి వచ్చేసరికి, "ఎరుపు," అన్నాడు చంద్రకాంత్. టెస్టరు పిడి ఎరుపని ఎప్పుడో విని కంఠస్థం చేసి పెట్టుకున్నాడు. చిన్నరాములు తృప్తిగా పక్కవాడి దగ్గరికి పోయాడు.

సాయంత్రం చంద్రకాంత్ ఇంట్లో గుమ్మం మీద కూలబడ్డాడు.

"సారుకు ఎరుకైంది. అందరి ముందట చెప్పిండు. ఇగ నా బతుకు ఖతం," అన్నాడు.

"పేరు చెప్పిండా?" అంది అరుణ.

"ఆయన పేరు ఎప్పుడు చెప్పిండే? గట్ల చెప్తే మాత్రం దొర్కకుంట ఉంటనా?"

అరుణ ఫోనులో రంగు చుక్కల బొమ్మలు వెతికి తెచ్చింది. చుక్కల మధ్యలో అంకె దాక్కుని ఉంటుంది, అది చెప్పాలి. "బట్టీ వట్టు. ఇది డెబ్బై నాలుగు, ఇది ఆరు, ఇది నలబై అయిదు."

"నాకు అన్ని మసూరి పప్పు ఆరవోసినట్టే ఉన్నయ్."

"మూలకు ఒక గుర్తు వెట్టుకో."

"వాళ్ళు పేజీలు అటిటు కలుపుతరంట. చిన్నరాములు చెప్పిండు." ఫోను పక్కన పెట్టి, "నీ చీర ఇప్పుడు ఏం రంగు?" అన్నాడు.

"నీకు ఏం అనిపిస్తే అదే," అంది అరుణ. ఎప్పుడూ అనే మాటే గానీ, ఆ సాయంత్రం నవ్వకుండా అంది. తెల్లారితే బిడ్డ స్కూలు, ముసలి తండ్రి దగ్గు మందులు, అన్నీ అతని చేతుల మీదే ఉన్నాయి. ఇద్దరూ అన్నం ముందు పెట్టుకుని ఊరికే కూర్చున్నారు.

పరీక్ష క్యాంటీన్లో పెట్టారు. రేకుల మీద వాన మోగుతోంది. ఒక మూల టార్పాలిన్ పట్టా వేలాడదీసి, దాని వెనక బల్ల వేసుకుని ఆస్పత్రి అమ్మాయి నిషిత కూర్చుంది. ఉరికంబం ముందు వరసలా అందరూ నిలబడ్డారు. పెద్దవాడినని త్రినాథరావు గారు ముందు లోపలికి వెళ్ళారు. పట్టా అడ్డమున్నా ఆయన గొంతుకు అడ్డం లేదు.

"ఇందులో ఏ నంబరు కనిపిస్తోంది సార్?"

"చుక్కలండీ!"

"సార్, కొంచెం మెల్లగా. బయటివాళ్ళకి వినిపిస్తే వాళ్ళూ అదే చెబుతారు."

"నాకు మెల్లగా చేతకాదండీ!"

"సరిగ్గా చూడండి సార్. ఈ పేజీ..."

"చుక్కలేనండీ!"

పేజీ తిప్పిన చప్పుడు. "చుక్కలండీ!" మళ్ళీ చప్పుడు. "ఇవీ చుక్కలేనండీ!" బయట వరస మొత్తం బిక్కచచ్చిపోయింది.

"అరే, బస్సు కిందికి వోయి పసుపుది ఏది, పచ్చది ఏది అని జెప్పింది ఈయనే గదరా?" అని చిన్నరాములు చంద్రకాంత్ చెవి కొరికాడు.

చంద్రకాంత్‌కు అప్పుడు అర్థమైంది. ఆ జాయింటు ఎవరిదో సారుకు ఆ రోజే తెలుసు. నంబర్లు మర్నాడే వచ్చాయి. ఒక్కడి కోసం నంబర్లు పెడితే ఆ ఒక్కడూ అందరి కళ్ళలో పడతాడని సెక్షను మొత్తానికి పెట్టారు, పిచ్చివాడన్న పేరు తన మీద వేసుకున్నారు. కొబ్బరికాయ కొట్టాల్సింది ఝరాసంగంలో కాదు. చంద్రకాంత్‌కు ఏడుపు వచ్చింది, సిగ్గు కూడా వచ్చింది.

దుర్గాప్రసాద్ గారు తడుస్తూ పరుగెత్తుకొచ్చారు. "ఏంటండీ ఇది! మీరు ఫెయిలా?"

"పూర్తిగా ఫెయిలండీ. రూలు రూలే. నన్ను పంపేయండి."

"మిమ్మల్ని పంపేస్తే రేపు కస్టమరు ముందు బండి ఎవరు చూపిస్తారు? తీగలో మాట ఆగిపోతే ఎవరు వెతుకుతారు?"

"నేనూ అదే ఆలోచిస్తున్నానండీ."

"రంగులు తెలియకుండా ఇన్నాళ్ళూ ఎలా చేశారండీ?"

"నంబర్లండీ. సెక్షను మొత్తం నంబర్లతోనే చేస్తోంది. ఈ ఏడాదిలో ఒక్క జాయింటు తిరగబడిందేమో స్టోర్సు నుంచి గేటు దాకా ఎవరినైనా అడగండి. కస్టమరుకు అనుమానముంటే కట్టిన ప్రతి తీగల కట్టనీ పరీక్ష బోర్డుకు గుచ్చి చూసుకోమనండి. చీకట్లో కట్టినా తప్పు దాగదక్కడ."

మేనేజరు గారు ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళారు. చాలాసేపు రాలేదు. త్రినాథరావు గారు రేకుల వైపే చూస్తున్నారు గానీ, వెనక్కి కట్టుకున్న చేతుల్లో వేళ్ళు ఒకదానినొకటి పిండుకుంటున్నాయి. ఈ వయసులో ఈయన్ని మళ్ళీ ఎవరు పనిలో పెట్టుకుంటారు? కస్టమరు కాదంటే ఒక్కడు పోయే చోట ఇద్దరు పోతారు. చంద్రకాంత్ ముందుకు ఒక అడుగు వేశాడు, తనే ఒప్పేసుకుందామని.

"వరసలో ఎవరి చోట వాళ్ళు నిలబడండి!" అని త్రినాథరావు గారు గట్టిగా కేకేశారు. ముప్ఫై మందీ సర్దుకుని నిలబడ్డారు. చంద్రకాంత్ కూడా ఆగిపోయాడు.

దుర్గాప్రసాద్ గారు మొహం తుడుచుకుంటూ వచ్చారు. "ఒప్పుకున్నారు. బోర్డు పరీక్షకి వాళ్ళ మనిషిని పంపుతారట. అమ్మా నిషితా, రంగులొద్దు. చిన్న అంకెలు చదవగలరో లేదో చూడు, చాలు. లేకపోతే ముందు నా ఇన్‌చార్జే పోతాడు."

వరసలో ఊపిరి తిరిగింది. చంద్రకాంత్ వంతు వచ్చింది. గోడ మీది చిన్న అంకెలన్నీ గడగడా చదివేశాడు. నిషిత సంతకం పెట్టి, ఎందుకో అతని ముఖం చూసి, చుక్కల పుస్తకంలో మొదటి పేజీ తెరిచింది.

"ఊరికే అడుగుతున్నా. ఇదేంటో చెప్పండి."

"పన్నెండు," అన్నాడు చంద్రకాంత్, తనకే ఆశ్చర్యంగా.

ఇంకో పేజీ తిప్పింది. అతను తల గోక్కున్నాడు, మళ్ళీ మసూరి పప్పే. ఆమె పుస్తకం మూసేసింది.

"మొదటి పేజీ రంగులు తెలియనివాళ్ళకి కూడా కనిపిస్తుందండీ. పరీక్ష ఎలా ఉంటుందో అర్థం కావడానికి పెడతారు. మీ సారు దాన్ని కూడా చుక్కలే అన్నారు. నా సర్వీసులో ఈ పేజీ తప్పినవాళ్ళని చూడలేదు." పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంది. "మళ్ళీ ఎప్పుడైనా ఫెయిలవ్వాలంటే ఒకటో రెండో కరెక్టుగా చెప్పమనండి. పంపండి, తర్వాతివాళ్ళని."

త్రినాథరావు గారు క్యాంటీను చూరు కింద వాన చూస్తూ నిలబడి ఉన్నారు. చంద్రకాంత్ వెళ్ళి పక్కన నిలబడ్డాడు. దండం పెడదామంటే చేతులు రాలేదు, పెట్టినా ఆయన అది ముప్ఫై మందికీ పంచేస్తారు.

"సార్," అన్నాడు చివరికి, "మొదటి పేజీల పన్నెండు ఉన్నది. నాసొంటోనికి గూడ కనవడ్డది. మీకు కనవడలేదా?"

త్రినాథరావు గారు అటు చూశారు, ఇటు చూశారు. తర్వాత ఆ షెడ్డులో ఎవరూ ఎన్నడూ చూడని పని చేశారు. మెడ వంచి, చంద్రకాంత్ చెవి దగ్గరికి వచ్చి, వానలో కలిసిపోయేంత మెల్లగా, "కనిపించింది నాయనా. కనిపించినవన్నీ పైకి చెప్పేస్తామా?" అన్నారు.

ఎదురుగా టీ గ్లాసుతో ఉన్న చిన్నరాములు నోరు తెరిచాడు. "అరే, సారు ఒక్కనికే చెప్పిండు! ఏం చెప్పిండురా?"

"ఏం లేదురా."

"ఏం లేకుంటే నవ్వుడెందుకు? జెర చెప్పురా. ఎవ్వలకు చెప్ప. ఒట్టు!"

చంద్రకాంత్ నవ్వుతూనే సెక్షను వైపు నడిచాడు. వెనకాలే, చేతిలో టీ చల్లారిపోతున్నా చూసుకోకుండా, చిన్నరాములు వానలో తడుస్తూ వెంటపడ్డాడు.